దీపాలు చూసి వంకాయలు కొన్నాను

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఇంట్లో పని పంచుకున్నదే అలా. మా ఆవిడ వంకాయలు కోస్తుంది, నేను కోతలు కోస్తాను, ఆ రెండూ కలిసి మా కర్రీ పాయింట్. నేను పది మంది అని రాస్తే నలుగురని చదువుకోండి. ఏనుగంత గిన్నె అంటే దూడంత అనుకోండి. కోపం దగ్గర మాత్రం ఏమీ తగ్గించుకోవద్దు. ఈ ఏడు నాకు వచ్చిన కోపాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తే కాగితం అంటుకుంటుంది. అక్కడక్కడా నీళ్లు చల్లుకుంటూ రాస్తున్నాను.

మా కొట్టు నానక్‌రామ్‌గూడ పాత ఊరి గల్లీలో ఉంది. అన్నం మీరు వండుకోండి, కూర మేమిస్తాం అనే వ్యాపారం. ఒక షట్టరు, లోపల రెండు పొయ్యిలు, ముందు స్టీలు ట్రేలు. నేను అడ్డంగా పడుకుంటే కాళ్లు గల్లీలోకి వస్తాయి, నేనేమో పొట్టివాణ్ణి. ఎదురుగా ఒక అద్దాల టవర్. దాని పై అంతస్తు చూడాలంటే మెడ విరగాల్సిందే. నాకు ఇప్పటికి చాలాసార్లు విరిగింది.

ఎందుకు చూస్తానంటే, మా వ్యాపారానికి భవిష్యత్తు అంటే ఒకే ఒక్క ప్రశ్న: రేపు ఎన్ని వంకాయలు? ఎక్కువ కొంటే మిగిలి పాడవుతాయి. తక్కువ కొంటే వచ్చినవాడు ఖాళీ ట్రే చూసి పక్క గల్లీకి పోతాడు, మళ్లీ రాడు. పెద్ద కంపెనీలకు దీని కోసం ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుందట. నాకు గడప ఉంది. పొద్దుగూకే వేళ గడప మీద నిలబడి టవర్ వైపు చూసేవాణ్ణి. ఏ అంతస్తు వెలుగుతోంది, ఏది చీకటిగా ఉంది. లోపల పొయ్యి దగ్గర నుంచి మా ఆవిడ అరిచేది.

"ఏమంటున్నదయ్యా నీ టవరు?"

"పైన మొత్తం పచ్చగున్నదే! రేపు గుత్తొంకాయ ఎయ్యి."

"కింద?"

"కింద జర మసక. పప్పు ఎప్పటంత చాలు."

నవ్వుకోండి. కానీ కొట్టు పెట్టిన దగ్గర నుంచి ఈ లెక్క తప్పలేదు. జనం ఆఫీసుకొచ్చే రోజు దీపాలు చెప్పేవి, ఇంటి నుంచే పని చేసే రోజు చీకటి చెప్పేది. టీవీలో ఒకాయన మాంద్యం వస్తుందంటాడు, పక్క ఛానెల్లో ఇంకొకాయన రానే రాదంటాడు. ఇద్దరి కోట్లూ ఒకే దర్జీ కుట్టినట్టుంటాయి. వాళ్ల కంటే నా గడపే నయం.

తర్వాత అంతస్తులు ఆరిపోవడం మొదలైంది. పండగ అయిపోయాక సీరియల్ బల్బులు పీకేసినట్టు, ఒక్కో వరుస. చికెన్ తీసుకునేవాళ్లు పప్పుకు దిగారు. రెండు ప్యాకెట్లు తీసుకునే జంటలు ఒకటి తీసుకుని "కొంచెం సాంబారు ఎక్కువ పోయండి అంకుల్" అనడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం పూట మెడలో ట్యాగు లేకుండా వచ్చిన ఒక కుర్రాణ్ణి "ఏం బాబూ, లీవా?" అని అడిగాను. "అలాంటిదేనండి" అని దోసకాయ పప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత నేనెవరినీ లీవా అని అడగలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, చెప్పాపెట్టకుండా, టవర్ మొత్తం వెలిగింది. పై నుంచి కింది దాకా ఒక్క చీకటి గది లేదు. నేను గడప మీద నుంచి గల్లీలోకి దూకాను. ఒక ఆటో నన్ను తప్పించుకుని గోడకు ఆనుకుంది.

"వచ్చిండ్రే! మనోళ్లు మల్ల వచ్చిండ్రు!"

మా ఆవిడ గంటె పట్టుకుని బయటికొచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "గింత మంది ఒక్కదినం ఎట్లొచ్చిండ్రయ్యా?" అంది. ఆ ప్రశ్నను అక్కడే పట్టుకుని ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. నేను వంకాయల లెక్కలో ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇంటాయన దిగాడు. ఈ ఊరి పాత మనిషి. ఆయన జొన్నచేను ఇప్పుడా టవర్ కార్ల పార్కింగ్ కింద ఉంది. కొట్టు ఆయనది, పైనున్న హాస్టలు ఆయనదే. స్టూలు లాక్కుని కూర్చుని, బెండకాయ వేపుడు ఒకటి నోట్లో వేసుకుని మొదలుపెట్టాడు.

"తమ్మీ, నీ పదకొండు నెలల కాయితం అయిపోయింది. ఇగ గిట్ల నడవది. ఐదేండ్లకు రాయాలె. నడుమ పోతానంటే ఇనను, ఐదేండ్ల కిరాయి కట్టే పోవాలె. కిరాయి గూడ ఏడాదికింత పెరుగుతది."

"కాకా, జర ఆగు. గిరాకి లేక పరేషాన్ల ఉన్నం."

"గిరాకి లేకపోవుడేంది? గా టవర్ జూసినవా రాత్రి? పెండ్లిల్లు లెక్క ఎలుగుతున్నది. నీకొద్దంటే చెప్పు, జ్యూస్ దుకాణపోడు నిలవడ్డడు. ఐతారం దాంక టైమిస్తున్న."

ఇంకో బెండకాయ ముక్క తీసుకుని వెళ్లిపోయాడు. ఆ బెండకాయ ముక్కలకు నాకు వచ్చిన కోపం ఐదేళ్ల మాటకు కూడా రాలేదు. ఒకటి తిన్నా ఊరుకునేవాణ్ణి. నన్ను రోడ్డున పడేస్తానని చెప్పి రెండోది తీసుకోవడమేమిటి?

కానీ పెట్టిన చిక్కు మాత్రం చిన్నది కాదు. సంతకం పెట్టాక గిరాకి రాకపోతే ఐదేళ్లు ఆయన గుంజకు కట్టేసిన గేదెల్లా ఉండాలి. పెట్టకపోతే ఆదివారం తర్వాత పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కొత్తచోట మా ఆవిడ చేతి రుచి తెలిసేసరికి ఏళ్లు పడుతుంది, అంత ఓపిక మా దగ్గర లేదు.

ఆ సాయంత్రమే మా బామ్మర్ది వచ్చాడు. బాచుపల్లిలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. ల్యాప్‌టాప్ తీసి నా ఉల్లిగడ్డల బస్తా మీద పెట్టాడు. అక్కా బావల భవిష్యత్తు అందులో రంగురంగుల గళ్లుగా ఉంది.

"బావా, మూడు సినారియోలు తీసిన. వర్స్ట్ కేస్, బేస్ కేస్, బెస్ట్ కేస్."

"వర్స్ట్ కేస్‌ల ఏమైతది?"

"బిజినెస్ క్లోజ్."

"బెస్ట్ కేస్‌ల?"

"ఎగ్జిట్."

"అంటే ఏందిరా?"

"ఎవరికన్న మంచి రేటుకు ఇచ్చేసి మనం బయటికొచ్చుడు."

"అంటే మంచిగ నడిచినా దుకాణం ఉండది, నడవకపోయినా ఉండది! గిది చెప్పేతందుకు బాచుపల్లి నుంచి ఇంత దూరం వచ్చినవా?"

వాడు నొచ్చుకోలేదు. వాళ్ల ఆఫీసులో రోజూ ఇంతకంటే పెద్ద మాటలు పడతాడేమో. నడుమ నడుమ ఫోన్ తీసి చూస్తున్నాడు, చూసినప్పుడల్లా మొహం ఒక రంగు తగ్గుతోంది. వాళ్ల టీంలో ఎవరినో పంపించేశారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వేలు పెట్టి ఒక గడి చూపించాడు.

"ఇది లీకేజ్ బావా. పచ్చిపులుసు ప్రతి ప్యాకెట్‌కు ఫ్రీగ ఎందుకిస్తున్నరు? ముందు గది బంద్ చెయ్యి."

పొయ్యి దగ్గర గంటె చప్పుడు ఆగింది.

"అరేయ్," అంది మా ఆవిడ, "నువ్వు పెండ్లయిందాంక మా ఇంట్ల ఫ్రీగనే తిన్నవు. గిప్పుడు డబ్బాలల్ల కట్టుకపోతున్నవు. నువ్వేం లీకేజ్‌వు రా?"

"అక్కా, నేను బిజినెస్ మాట్లాడుతున్న."

"నేను గూడ గదే మాట్లాడుతున్న. డబ్బా తెచ్చినవా లేదా?"

తెచ్చాడు. రెండు తెచ్చాడు. బాచుపల్లికి వచ్చేయండి, అక్కడ అడుగుకొక కాలేజీ, సాఫ్ట్‌వేర్ వస్తది పోతది గానీ పిల్లలు తినుడు మానరు అని కూడా చెప్పాడు. చివరికి నేను టవర్ చూపించి ఐదేళ్ల సంగతి అడిగితే, కళ్లజోడు సర్దుకుని చూశాడు. "లైట్లన్నీ ఆన్ ఉన్నయంటే ఆక్యుపెన్సీ పెరిగినట్టే బావా. పాజిటివ్ సిగ్నల్. సైన్ చేసెయ్."

చూడండి. ఇంటాయన పొలం అమ్ముకుని నేర్చిన తెలివి, బామ్మర్ది జీతం తీసుకుని నేర్చిన తెలివి, నా గడప తెలివి, మూడూ ఒకే మాట చెప్పాయి. ఇక నమ్మకపోవడానికి నేనెవణ్ణి?

కొన్నాను. రైతుబజార్‌లో వంకాయలమ్మే ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. మా ఆవిడ మసాలా నూరితే ఆ వాసన ఖాజాగూడ గుట్టల దాకా పోయి అక్కడి రాళ్లకు ఆకలి పుట్టించింది. ట్రేలు నింపి, మూతలు తీసి, గడప మీద నిలబడ్డాను. ఎదురుగా టవర్ ధగధగా మెరుస్తోంది. గల్లీలో మాత్రం పైన హాస్టలు నుంచి, పక్క ఆఫీసుల నుంచి ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే వచ్చి, పప్పు తీసుకుని, సాంబారు ఎక్కువ అడిగి వెళ్లారు.

మొదటి రోజు ఇంకా సర్దుకుంటున్నారేమో అనుకున్నాను. రెండో రోజు వాళ్ల క్యాంటీన్‌ను తిట్టాను. మూడో రోజు మా ఆవిడ మీద పడ్డాను.

"ఉప్పు తక్కువైతున్నది. గందుకే వస్తలేరు."

"నా ఉప్పు నా పెండ్లినాటి సంది గంతే ఉన్నది," అంది మా ఆవిడ. "మారింది నీ టవరు."

మిగిలిన కూర మేమే తిన్నాం. పొద్దున వంకాయ, మధ్యాహ్నం వంకాయ, సాయంత్రం వంకాయ. నా గోళ్లు ఊదా రంగుకు తిరిగాయి. టవర్‌ను చూస్తే పళ్లు కొరుక్కోవడం అలవాటైంది. ఆ అద్దాల వెనుక వందలమంది కూర్చుని, నా గుత్తొంకాయ వాసన పీలుస్తూ కావాలనే దిగి రావడం లేదని నాకు గట్టి నమ్మకం. సంతకం పెట్టాలా వద్దా అనే దాని కంటే, ఆ మనుషుల్లో ఒక్కణ్ణి పట్టుకుని "నీకేం రోగం?" అని అడగాలన్న కోరిక ఎక్కువైంది.

శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "కర్రీ పాయింటేనాండి? ఎదురు టవర్ నుంచండి. వంకాయ కూర, పప్పు, కుదిరితే కొంచెం అన్నం కూడా పైకి పంపిస్తారా?"

మేము అన్నం అమ్మం. మా ఆవిడ తన కోసం వండుకున్న అన్నం డబ్బాలో పెట్టింది, దాని పక్కన పచ్చిపులుసు ప్యాకెట్టు. నేనే మోసుకెళ్లాను. పంపడానికి ఎవరూ లేక కాదు, ఆ మనుషుల మొహాలు చూడాలని.

టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు చొక్కాకు ఒక స్టిక్కరు అంటించి, సామాన్ల లిఫ్టులో ఎక్కించారు. తలుపు తెరుచుకుంది. దీపాలు. పట్టపగలు, కనుచూపు మేర, పైకప్పు నిండా దీపాలు. ఒక్క మనిషి లేడు. ఒక్క కుర్చీ లేదు. నేల మీద చుట్టి పెట్టిన కార్పెట్లు, మూలన ప్లాస్టిక్ మొక్క. నా చెప్పుల చప్పుడు ఆ చివరికి పోయి గోడను తాకి తిరిగొచ్చి నన్నే పలకరించింది.

"రండి రండి, ఇక్కడ పెట్టండి." టై కట్టుకున్న ఒకాయన కార్పెట్ చుట్ట మీద నుంచి లేచాడు. మాటను బట్టి కోస్తా మనిషి. ఆఫీసులు కిరాయికి కుదిర్చే బ్రోకరట.

"మనుషులేరి సారూ?"

"పాతవాళ్లు ఖాళీ చేసి పోయారండి, కొత్తవాళ్లు ఇంకా రాలేదు. పై నుంచి కింది దాకా ఖాళీయే. పార్టీలకి చూపిస్తున్నాం."

"మరి గీ లైట్లు?"

"చీకట్లో ఉంటే ఎవరు తీసుకుంటారండి? ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లకి నిండుగా కనబడాలి కదా. టైమర్ పెట్టాం, సాయంత్రం అయ్యేసరికి వాటంతటవే వెలుగుతాయి."

డబ్బా ఆయన చేతికిచ్చాను. ఆయన నన్ను మా గల్లీ వైపు కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "అదిగో చూడండి, మీ కొట్టు! వచ్చిన ప్రతి పార్టీకి ఇదే చూపిస్తానండి. కింద అంత సందడి, చేతికందే దూరంలో ఇంటి భోజనం, ఇక ఈ ఏరియాకి తిరుగేముందండి అని చెబుతాను."

అప్పుడు నాలో ఉన్న కోపాలన్నీ ఒకేసారి లేచాయి. "సారూ! మీ దీపాలు చూసి నేను వంకాయలు కొన్న. నా వంకాయలు చూపించి మీరు అంతస్తులు అమ్ముతున్నరు. నడుమ తినేటోడేడి సారూ? తినేటోడు ఎక్కడున్నడో జర చూపియ్యుండ్రి!"

ఆయన అప్పటికే ముద్ద కలిపాడు. "నేను తింటున్నా కదండీ," అన్నాడు. "చాలా బాగుందండి."

నిజంగానే తిన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తిననివాడు తిన్నట్టు, పులుసు ప్యాకెట్టు చివర దాకా పిండుకుని. అంతస్తు పోతే గానీ తన పైసలు రావట, ఈ మధ్య ఏదీ పోవడం లేదట. ఇక ఈయన మీద కోపం ఎలా పెట్టుకోను? కిందికి దిగుతూ ఎవరి మీద పెట్టాలా అని వెతికాను. టవర్ కట్టినవాడు ఎక్కడ ఉంటాడో తెలియదు. మనుషుల్ని తీసేసిన కంపెనీలు ఏ దేశంలో కూర్చుని తీసేశాయో తెలియదు. రోడ్డున పడుతున్నానన్న కోపాన్ని పెట్టుకోవడానికి నాకొక మొహం కావాలి, ఒక్క మొహం. ఆ మాత్రం కూడా ఇవ్వరు. టైమర్ ఇస్తారు. పోయి టైమర్‌ను తిట్టుకో.

ఆదివారం ఇంటాయన కాగితం రాయించుకుని వచ్చాడు. కూర్చోకముందే చెప్పాను. "కాకా, టవర్ల ఎవ్వరు లేరు. లైట్లు ఉత్తగనే ఎలుగుతున్నయి."

"పో తమ్మీ, నేను రోజు చూస్తున్న గద."

"నేను లోపటికి పోయి చూసొచ్చిన. కుర్చీ గూడ లేదు."

ఆయన బెండకాయ వైపు పోతున్న చేయి ఆపాడు. తల ఎత్తి, హాస్టలు పైకప్పు మీద కొత్తగా నిలబెట్టిన ఇనుప చువ్వల వైపు చూశాడు. "లైట్లు చూసే గద ఇంకో అంతస్తు లేపుతున్న," అన్నాడు మెల్లగా. "ఇనుము దింపిన. సిమెంటు గూడ దింపిన."

నేనేదో ఓదార్పు మాట వెతుకుతున్నాను. మా ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. ఆమె కోపం నా కోపంలా అరవదు. పొయ్యి మీద మూత పెట్టినట్టుంటుంది.

"కాకా, ఐదేండ్ల ముచ్చట ఎవడు చెప్తడు? గంత పెద్ద టవర్ కట్టినోళ్లకే తెల్వక దీపాలు ముట్టించుకొని కూసున్నరు. నువ్వు మాకు పదకొండు నెలలు రాయి. కిరాయి ఎప్పటంత. పదకొండు నెలలకు మల్ల కూసుందం, బతికుంటే మల్ల రాసుకుందం. వద్దంటవా, ఇయ్యాల్నే పొయ్యి దించుతం. జ్యూసోన్ని పిలుచుకో. వాడు గూడ గా లైట్లు చూసే వస్తున్నడు."

ఇంటాయన తను రాయించుకొచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వాడు మొన్నటి సంది ఫోన్ ఎత్తుతలేడు బిడ్డా," అన్నాడు చివరికి.

పదకొండు నెలలకే రాశాం. ఆయన పోతుంటే మా ఆవిడ పచ్చిపులుసు ప్యాకెట్టు చేతిలో పెట్టింది. లీకేజ్ ఆగలేదు.

ఇప్పుడు నేను గడప మీద నిలబడటం లేదు. ప్యాకెట్టు చేతికిస్తూ మా ఆవిడ ప్రతి ఒక్కరినీ అడుగుతుంది, "రేపొస్తవా బిడ్డా?" అని. ఒకరు "రేపు ఇంటి నుంచే ఆంటీ" అంటారు, ఒకరు "వస్తానండి, వంకాయ ఉంటుందా?" అంటారు. ట్యాగు లేని ఆ కుర్రాడు "చెప్పలేనండి" అన్నాడు. వాడి కోసం ఒక పప్పు ఎక్కువ కడుతోంది. ఐదేళ్ల ప్లాన్ అడిగినవాళ్లకు నా దగ్గర ఉన్నది ఇదే, రేపటి దాకా. అంతకు మించి తెలుసని ఎవరైనా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక ఏది కల్పించానో చెప్పాలి. ఖాళీ అంతస్తుల్లో టైమర్ దీపాలు నా కోత అనుకుంటారు. కాదు, అది నిజం. బామ్మర్ది బెస్ట్ కేసు కూడా నిజమే.

కల్పించింది కిటికీ. ఆ బ్రోకరు మా కొట్టును ఎవరికీ చూపించడం లేదు. మా గల్లీ వైపు అద్దాలన్నింటికీ లోపల తెల్లటి తెరలు దించి ఉన్నాయి. ఎందుకని అడిగితే, నోట్లో మా ఆవిడ వంకాయతోనే చెప్పాడు. "అటు వ్యూ బాగుండదండి. రేకులూ, పొగా. పార్టీలు చూస్తే వెనక్కి పోతారు." నేను ఆ పెద్ద ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. అదంతా లిఫ్టులో కిందికి వస్తూ తయారుచేసుకున్నాను.

తెరల పక్కన వేలాడుతున్న తాడు మాత్రం లాగాను. ఒక తెర పైకి లేచింది. కింద రేకు, పొగ, ఆ పొగలో చిన్న చుక్కలా మా ఆవిడ. దాన్ని మళ్లీ దించకుండానే, ఖాళీ డబ్బా తీసుకుని వచ్చేశాను.